ఊరంతా రాసిన పాట

1. వడపోతలు కడిగిన రోజు

ఈరోజు ఏడో తరగతికి సంగీతం పరీక్ష పెట్టాను. పిల్లలు తలలు వంచుకుని శ్రద్ధగా రాశారు. పెన్నుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సంగీతం పరీక్ష ఎప్పుడూ అంతే.

అడుగుపాలెంలో బడి అంటే కాన్వెంటే. ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళూ అక్కడే చదివారు, అందరూ ఈ పేపరు రాశారు. సిస్టర్ బెర్నడెట్ గారు ఊరు కట్టిన తొలి రోజుల్లో పైనుంచి దిగుతూ ఒక సంగీతం పుస్తకం తెచ్చుకున్నారు. అందులో స్వరాలు, తాళాలు, చివర ఒక గీతం ఉంటాయి. ఆ గీతాన్ని స్వరాలతో సహా చూడకుండా రాస్తే ఎక్కువ మార్కులు. నాకెప్పుడూ పూర్తి మార్కులే వచ్చేవి. అందుకే సిస్టర్ గారి తర్వాత ఆ పాఠం నాకిచ్చారు. మిగతా పూట పుస్తకాల గది చూసుకుంటాను. ఈ దినచర్య పుస్తకం రాయడం కూడా ఆ పనిలోదే.

పాడమని ఎవరినీ అడగం. ఇక్కడ పాడటం కుదరదు. సముద్రం అడుగున ఇంత లోతులో మామూలు గాలి మత్తెక్కిస్తుంది కాబట్టి హీలియం కలిపిన గాలి పీలుస్తాం. ఆ గాలిలో ఏం మాట్లాడినా బాతు అరిచినట్టుంటుంది. ఒక్క ముక్క అర్థం కాదు. చెవుల్లో పెట్టుకునే బిళ్ళలు ఆ బాతుమాటను సరిచేసి మనిషి మాటగా వినిపిస్తాయి. పాట దగ్గర మాత్రం అవి చేతులెత్తేస్తాయి. ఎవరైనా పాడబోతే పంపు మోటారు మూలిగినట్టు వినిపిస్తుంది. పైనుంచి పంపిన పాటలూ బిళ్ళల్లోంచి అలాగే మూలుగుతాయి. ఆ మూలుగంటే పైవాళ్ళకు అంత ఇష్టమేమిటో అని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం.

సాయంత్రం మార్తక్క ఇంటికి వెళ్ళాను. అక్కకు నెలలు నిండాయి. కాళ్ళు చాపుకుని కూర్చుని, నేను లోపలికి అడుగుపెట్టగానే మొదలుపెట్టింది.

"డాక్టర్ పూర్ణిమ గారు ఊరి సభలో పెట్టబోయేది విన్నావా? ఇకనుంచి పుట్టిన పిల్లలకు బిళ్ళలు చెవి వెనక ఎముకలోనే కుట్టేస్తారట. మొదటిది మన బిడ్డకే."

బహుమతి వచ్చినట్టు చెప్పింది. పోయిన ఏడాది మూడో వరస ఇళ్ళలో గాలి కారి, నడవ తలుపులు వాటంతటవే పడటం మొదలైంది. అప్పుడు శారోను అనే పిల్ల బిళ్ళలు పీకి ఎక్కడో పారేసి ఉంది. తలుపు పడుతోంది, తప్పుకో అని అందరూ అరుస్తున్నా దానికి బాతు అరుపులే వినిపించాయి. చెయ్యి తలుపులో నలిగిపోయింది. ఆ చెయ్యి కుట్టింది డాక్టర్ గారే.

"తర్వాత ఎప్పుడైనా తీయించుకోవచ్చా?" అన్నాను.

"ఎముకతో పాటు పెరిగేదాన్ని ఎలా తీస్తారే? అయినా తీసి ఏం చేస్తారు, బాతుమాట వింటూ కూర్చుంటారా?"

వద్దనడానికి ఒక్క కారణమూ లేదు. అయినా ఇంటికి వచ్చేదాకా అదే మనసులో మెదిలింది. తీయడం ఉండదు అన్న మాట.

2. నాచు తొట్లు తోమిన రోజు

తొట్ల గదిలో ఆవిరి ఎక్కువ. బిళ్ళలు తడిస్తే పాడవుతాయి కాబట్టి గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వెళ్ళాలి. ఈ వారం వంతు నాది. తొట్టి తోముతూ పిల్లల జవాబులు గుర్తు చేసుకుంటున్నాను. ఒకడు 'ప' తర్వాత 'ని' రాశాడు. మధ్యలో 'ద' ఎందుకుండాలో వాడికి ఎలా చెప్పాలా అనుకుంటూ, స రి గ మ అని పైకే అన్నాను. పుస్తకంలో చెప్పినట్టు ఒక్కోదాన్ని ముందుదానికంటే కాస్త పైన పెట్టి అన్నాను.

అవి మెట్లెక్కాయి.

చేతిలో బ్రష్షు వదిలేశాను. మళ్ళీ అన్నాను. మళ్ళీ ఎక్కాయి. గొంతు బాతుదే, ముక్కులోంచి కీచుగా వస్తోంది. కానీ 'స' ఎక్కడుండాలో అక్కడుంది. 'ప' దాని మీద నిక్కచ్చిగా నిలబడింది. ఇన్నేళ్ళు కాగితం మీద ఎక్కిన మెట్లు నిజంగానే మెట్లు.

గుమ్మం దగ్గరికి పరిగెత్తి బిళ్ళలు పెట్టుకుని అదే అన్నాను. మోటారు మూలుగు. తీసి అన్నాను. మెట్లు.

బడి బీరువాలో ఒక శ్రుతిదండం ఉంది. పరీక్షలో బొమ్మ గీయడానికి వాడతాం. దాన్ని తెచ్చి తొట్టి అంచుకు కొట్టి చెవి దగ్గర పెట్టుకుని 'స' పట్టాను. రెండూ కలిసిపోయాయి. ఏది నా గొంతో ఏది ఇనుమో కాసేపు తెలియలేదు.

మన గాలి మాటను పాడుచేస్తుంది. స్వరాన్ని ముట్టుకోదు. మాటను బాగుచేయడానికి గొంతునంతా కిందికి లాగే బిళ్ళలే స్వరాలను ముద్ద చేస్తున్నాయి. మనకు పాట రాదని మనమే అనుకున్నాం.

తొట్లు సగమే తోమాను.

3. సరుకు గోళం దిగిన రోజు

గోళంలో పైనుంచి వచ్చిన సరుకు దించుకునే హడావుడిలో అందరూ ఉండగా సిస్టర్ బెర్నడెట్ గారి గదికి వెళ్ళాను. ఆవిడ ఇప్పుడు మంచం దిగి ఎక్కువ నడవలేరు.

"సిస్టర్, మీరు పైన ఉన్నప్పుడు పాడేవారా?"

"చర్చి పాటబృందంలో ముందు వరస నాది. ఇక్కడికి దిగిన మొదటి ఆదివారం నోరు తెరిచాను. నా గొంతుకు నేనే భయపడ్డాను. సరే, దేవుడు తిరిగి తీసుకున్నాడు అనుకున్నాను. రాయిస్తే కనీసం మరిచిపోరు కదా అని మీ అందరిచేతా రాయించాను."

"దేవుడు తీసుకోలేదు సిస్టర్. బిళ్ళలు తీసుకున్నాయి."

"ఆగ్నెస్! పెద్దవాళ్ళతో పరిహాసమా?"

నాకు వాదించడం రాదు. నా బిళ్ళలు తీసి దుప్పటి మీద పెట్టి, ఆవిడ చెవుల వైపు చూపించాను. నన్నే చూస్తూ తనవి తీశారు. నేను స్వరాలు అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. తర్వాత మెల్లగా ఒక స్తోత్రం ఎత్తుకున్నారు. ఒక్క మాటా తెలియలేదు. వరస మాత్రం నిటారుగా నిలబడింది. సగంలో ఆపేసి పలక అందుకున్నారు.

"ఇన్నేళ్ళు" అని రాశారు.

దాన్ని కొంగుతో తుడిచేసి మళ్ళీ రాశారు. "నీ గాంధారం కిందికి జారుతోంది. రోజూ సాధన చెయ్యి."

బిళ్ళలు పెట్టుకున్నాక అక్కకు పుట్టబోయే బిడ్డ సంగతి చెప్పాను. బిళ్ళలు కుట్టేస్తే ఆ బిడ్డ జన్మలో ఒక్క స్వరమూ వినదు. దాని తర్వాత పుట్టేవాళ్ళూ వినరు. కొన్నాళ్ళకు ఊళ్ళో వినగలిగినవాళ్ళే మిగలరు.

"సభలో వినిపించు" అన్నారు సిస్టర్. "కానీ బాతు గొంతు వినగానే నవ్వుతారు. నవ్వు ఆగేదాకా పట్టు వదలకుండా నిలబడేది ఏదో ఒక వాయిద్యం ఉండాలి. పుస్తకంలో వేణువు కొలతలున్నాయిగా."

సభలో నిలబడటం అనగానే నాకు భయమేసింది. ఆవిడకు చెప్పలేదు.

4. గొట్టాలు మార్చిన రోజు

నూకరాజన్న ఊరి గొట్టాలన్నీ చూసే మనిషి. ఊళ్ళో అందరికంటే గట్టిగా మాట్లాడతాడు.

"ఏటమ్మా పంతులమ్మా, నీళ్ళు రాట్లేదా?"

"ఒక గొట్టం ముక్క కావాలన్నా. దానికి కన్నాలు పెట్టాలి."

"కన్నాలు పూడ్సడం నా పని. పెట్టమంటావేటి?"

అయినా పెట్టాడు. పుస్తకంలో ఉన్న కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. మూడో వరస నడవలో బిళ్ళలు తీసి, గొట్టాన్ని పెదవి దగ్గర పెట్టుకుని, ఊపిరి పట్టి ఊదాను.

అది గాలి కారుతున్నప్పుడు మోగే ఈల. అచ్చంగా అదే.

క్షణంలో తలుపులన్నీ పడ్డాయి. జనం గాలి ముసుగులు తగిలించుకుంటూ ఆశ్రయం గది వైపు పరిగెత్తారు. ఒకళ్ళ కాళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. వాళ్ళలో మార్తక్క కూడా ఉంది. రెండు చేతులతో కడుపు పట్టుకుని పరిగెడుతోంది. నేను గొట్టం పట్టుకుని గోడకు అతుక్కుపోయాను.

నేను బిళ్ళలు పెట్టుకునేసరికి ఊరి సభ అధ్యక్షులు గవరయ్య గారు ఆయాసపడుతూ వచ్చారు. "ఎవరు ఊదింది?"

"నానే బాబూ, పైపు కడుగుతన్నాను" అన్నాడు నూకరాజన్న.

"కాదండి. నేను" అన్నాను.

డాక్టర్ పూర్ణిమ గారు అక్కను కూర్చోబెట్టి నాడి చూస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు. "నీకు సంగీతం కావాలి ఆగ్నెస్. నాకు బతికుండే పిల్లలు కావాలి. ఇందులో ఏది ముందో నువ్వే చెప్పు."

ఆవిడ మాటలో తప్పేమీ కనిపించలేదు. అదే కష్టం.

5. పాప పుట్టిన రోజు

అక్కకు ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నా ఈల వల్ల ఏమీ కాలేదని డాక్టర్ గారే చెప్పారు. చెప్పి, బియ్యపు గింజంత బిళ్ళలు రెండు ఒక డబ్బాలో పెట్టి అక్కకు చూపించారు. సభ ఈ ఆదివారం. ఒప్పుకుంటే సోమవారమే కుట్టేస్తారు.

పాప ఏడ్చింది. బిళ్ళల్లో ముసలాయన దగ్గినట్టు వినిపించింది. నేనొక బిళ్ళ తీసి విన్నాను. సన్నగా, పదునుగా, చివర్లో పైకి లేస్తోంది. అక్కకు చెప్పబోయాను.

"నాకేం చెప్పకు. ఆ రోజు పరిగెత్తింది నేను" అని మొహం తిప్పుకుంది.

పుస్తకాల గదికి వచ్చి భౌతికశాస్త్రం తీశాను. వేణువు కొలతలు పైగాలికి రాసినవి. మన గాలిలో శబ్దం చాలా వేగంగా పరిగెడుతుంది, అందుకే గొట్టం అంత కీచుగా అరిచింది. గొంతుకు ఆ బాధ లేదు, గొట్టానికి ఉంది. అయితే గొట్టం పొడవు పెంచాలి.

నూకరాజన్న మళ్ళీ వస్తాడనుకోలేదు. వచ్చాడు. నాచు తొట్ల గది తలుపులు బిగించి, ముక్కకు ముక్క కలుపుతూ పోయాం. శ్రుతిదండంతో కలిసేసరికి గొట్టం నాకంటే పొడుగైంది.

"ఇది పిల్లనగోయేటమ్మా? పడవ తెడ్డు!" అన్నాడు.

కన్నాలు ఎంత దూరంగా పడ్డాయంటే నా చేతులకు మొదటి రెండే అందుతాయి. మిగతావి మూయడానికి అతను కావాలి. నేను ఊదాలి, అతను అరచేతులతో మూయాలి. మొదట్లో నా వెనకాలే పడేవాడు. నేను ఊపిరి తీసుకునేటప్పుడు తల ఊపడం మొదలుపెట్టాక కలిశాడు.

పైన ఒక్కరే కూర్చుని వాయించేవారట. మన గాలిలో ఒక్కరికి కుదరదు. నాకు నలుగురిలో కలవడం రాదు. ఊపిరి కలపడం మాత్రం వచ్చింది.

6. సభ రోజు

ఊరంతా భోజనాల హాల్లో కూర్చుంది. అక్క ముందు వరసలో పాపను ఒళ్ళో పెట్టుకుంది. డాక్టర్ గారు క్లుప్తంగా మాట్లాడారు. చివర శారోనును పిలిచి దాని చెయ్యి ఎత్తి చూపించారు. రెండు వేళ్ళు వంకరగా ఉన్నాయి. ఆ చెయ్యి ముందు ఎవరైనా ఏం మాట్లాడతారు?

"ఇంకెవరైనా?" అన్నారు గవరయ్య గారు.

లేచాను. రాసుకున్న కాగితం చేతిలో ఉంది. వెనక ఎవరో "మళ్ళీ ఈల వేస్తుందేమో, ముసుగులు తగిలించుకోండి" అన్నారు. నవ్వారు. నేను కాగితం కింద పెట్టి, బిళ్ళలు తీసి దాని మీద పెట్టాను. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న సిస్టర్ బెర్నడెట్ గారు తనవి తీశారు. తర్వాత జరిగిన మాటలు నాకు సిస్టర్ పక్కనున్నవాళ్ళు చెప్పినవి. నూకరాజన్న మా తెడ్డు వేణువును భుజాన వేసుకుని వచ్చి, "ఓపాలి తియ్యండర్రా! సెవులేటీ ఊడిపోవు!" అని కేకేసి తనవీ తీసేశాడట. నవ్వుతూనే కొందరు తీశారు. తీసి ఒకళ్ళతో ఒకళ్ళు బాతుమాట మాట్లాడి ఇంకా నవ్వారు. పొట్టలు పట్టుకుని నవ్వారు.

తల ఊపాను. ఊదాను.

ఈల కాదు. కింది నుంచి, గుండె మీద చెయ్యి వేసినట్టు, 'స' వచ్చింది. నవ్వు మీదుగానే దాన్ని పట్టి ఉంచాను. ఊపిరి అయిపోతే తీసుకుని మళ్ళీ పట్టాను. నవ్వు పలచబడింది. అప్పుడు గీతం మొదలుపెట్టాం, పుస్తకం చివరి పేజీది. సిస్టర్ గారి గొంతు దాని మీద ఎక్కింది.

మొదట కదిలింది శారోను. అది తన బిళ్ళలు తీసి డాక్టర్ గారి బల్ల మీదే పెట్టింది. వంకర వేళ్ళతో తొడ మీద తాళం వేస్తూ నోరు తెరిచింది. తర్వాత ఏడో తరగతి. తర్వాత ఎనిమిది. తర్వాత వాళ్ళ అన్నలు, వాళ్ళ తల్లులు. అప్పుడు నాకు వెలిగింది. ఈ హాల్లో ఉన్నవాళ్ళందరూ సంగీతం పేపరు రాసినవాళ్ళే. ఒక్కో స్వరం, ఒక్కో తాళం, మార్కుల కోసం కంఠతా పట్టినవాళ్ళే. ఊరంతటికీ ఈ పాట వచ్చు. ఒక్కసారీ పాడలేదు, అంతే.

రెండోసారికి హాలు మొత్తం అందుకుంది. పెద్దవాళ్ళు స్వరాలు వెతుక్కుంటూ గాలిలో వేళ్ళతో రాసుకుంటున్నారు. తప్పినవాళ్ళు పక్కవాళ్ళను విని సర్దుకున్నారు. గవరయ్య గారు అన్నిచోట్లా తప్పారు, అందరికంటే గట్టిగా తప్పారు. ఇనుప గోడలు మోగాయి. అవతల ఉన్నంత సముద్రమూ ఉంది, అయినా ఆ కాసేపు మేమే దాన్ని నెట్టి పట్టుకున్నట్టు అనిపించింది.

డాక్టర్ గారు ఒక్కరే బిళ్ళలు తీయలేదు. మూలుగు వింటూ మా మొహాలు చూస్తున్నారు. చివరికి ఒకటి తీశారు. కాసేపాగి రెండోది. పాట అయిపోయేదాకా కదలలేదు. తర్వాత పలక తీసుకుని పెద్ద అక్షరాలతో రాసి నాకు చూపించారు.

"బాగుంది. గాలి కారితే?"

ఆవిడ అడగాల్సిన ప్రశ్నే. పాట ఉన్నది దేనికో పనికి రావడానికి కాదని నేననుకుంటాను. కానీ నలిగిన చెయ్యి ముందు అలా అనడం మర్యాద కాదు. పలక తీసుకుని రాశాను. "ఇది వినిపిస్తే వెంటనే తలుపు దగ్గరికి." గొట్టం పైకెత్తాను. 'స', వెంటనే పై 'స'. మళ్ళీ ఒకసారి. పిల్లలకు పలక చూపించి, అందరినీ గోడ వైపు తిప్పి నిలబెట్టాను. డాక్టర్ గారు గొంతు చించుకుని ఏదో అరిచారు. తలుపు దగ్గరికి రమ్మనే అయి ఉంటుంది. ఒక్కరూ కదల్లేదు. నేను ఆ రెండు స్వరాలూ గొంతుతో అన్నాను. బిలబిలమంటూ తలుపు దగ్గరికి వచ్చి పడ్డారు. అందరికంటే ముందు శారోను.

డాక్టర్ గారు తన ప్రతిపాదన కాగితం తీసుకుని 'కుట్టాలి' అన్న చోట కొట్టేశారు. పైన 'పిల్లలందరికీ పిలుపు స్వరాలు నేర్పాలి' అని రాశారు. గవరయ్య గారు ఓట్లు అడగాలి గదా, బిళ్ళలు పెట్టుకోండని సైగ చేశారు. ఎవరూ పెట్టుకోలేదు. ఆయన కాగితం తలపైకి ఎత్తి పట్టుకుని హాలంతా తిరిగారు. వెళ్ళిన చోటల్లా చేతులు లేచాయి.

7. సోమవారం

ఉదయం బిళ్ళలు లేకుండా నడవలో నడుస్తుంటే ప్రతి తలుపు వెనకా ఒక తప్పు శ్రుతి. నూకరాజన్న గొట్టం మీద సుత్తితో తాళం వేస్తూ అపస్వరంలో పాడుకుంటూ వెళ్ళాడు. సిస్టర్ బెర్నడెట్ గారు పలక మీద పేర్లు రాసి పంపారు, ఎవరెవరి గాంధారం జారుతోందో. అందరికంటే పైన గవరయ్య గారు.

అక్క దగ్గరికి వెళ్ళాను. చెవుల్లో బిళ్ళలు లేవు. నాకూ లేవు. పలక మీద రాసింది. "దీన్ని నిద్రపుచ్చే పాట ఏదైనా నేర్పు."

పుస్తకంలో ఉన్నది ఒక్క గీతమే. అది నిద్రపుచ్చేది కాదు. లేదని రాశాను. వెళ్ళి వెతుకుతానని రాసి పుస్తకాల గదికి వచ్చాను. మధ్యాహ్నం దాకా వెతికాను. స్వరాలు ఉన్న పుస్తకం ఇంకొకటి లేదు.

ఆ మాట చెబుదామని తిరిగి వెళ్ళేసరికి గుమ్మంలోనే వినిపించింది. అక్క పాపను భుజాన వేసుకుని తిరుగుతోంది. మూడే స్వరాలు. పైకి పోయి, కాసేపు అక్కడే ఊగి, మెల్లగా దిగుతున్నాయి. మళ్ళీ మొదటికి వస్తున్నాయి గానీ ప్రతిసారీ దిగే చోట కొంచెం మారుతున్నాయి. పాప పిడికిలి విడిచింది.

అది మా గీతంలోది కాదు. సిస్టర్ గారి స్తోత్రం కాదు. పైనుంచి ఎవరూ పంపలేదు. ఎక్కడిది అన్నట్టు సైగ చేశాను. పాడటం ఆపకుండానే అక్క భుజాలు ఎగరేసింది, తనకూ తెలియదన్నట్టు.

అక్కే కట్టింది.